చాటింగ్ ఒక లిపిలో, పరీక్ష ఇంకో లిపిలో

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీ డిగ్రీ విద్యార్థుల చదవడం, రాయడం మీద సోషల్ మీడియా ప్రభావాన్ని పరిశోధిస్తున్నాను. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఏ లిపిలో పరీక్షిస్తారో తేల్చుకోండమ్మా. నయాపూల్ సిటీ కాలేజీలోనైనా, హుస్సేనీ ఆలం కాలేజీలోనైనా ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మీడియంల నుంచి వచ్చినవాళ్లుంటారు. వాట్సాప్‌లో మాత్రం చాలామంది ఇంటి భాషనూ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన ఊళ్లో నన్ను కలవరపెట్టేది ఇదే. అందుకని ఒక పేజీ చదివించి, సారాంశాన్ని ఆ భాష సొంత లిపిలో చేత్తో రాయించండి. ఫోన్ వాడకం గురించి నోటిమాటగా అడగొద్దు. వాళ్ల అనుమతితో స్క్రీన్‌టైమ్ లెక్క చూడండి. బడి మాధ్యమం, ఇంటి పరిస్థితి కూడా నమోదు చేయండి, లేకపోతే పేదరికం చేసిన నష్టాన్ని ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో రాస్తారు. ఒక్కసారి కొలిస్తే కారణం తేలదు, సెమిస్టర్ చివర్లో అదే పరీక్ష మళ్లీ పెట్టండి.