మోకాలి చిప్ప కింద నొప్పి: ఆటగాళ్లకు సూచనలు

వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే యువతీయువకులు కొందరు మోకాలి చిప్పకు సరిగ్గా కింద వేలు పెట్టి "ఇక్కడే నొప్పి" అంటారు. చిప్పను కాలి ఎముకతో కలిపే గట్టి పట్టీని టెండన్ అంటారు. పదేపదే ఎగరడం వల్ల, ముఖ్యంగా ప్రాక్టీసు ఒక్కసారిగా పెంచినప్పుడు, అది దెబ్బతింటుంది. దీనినే 'జంపర్స్ నీ' అంటారు.

నొప్పి మాత్ర వేసుకుని ఆడటం మంచిది కాదు. అలాగని తల్లిదండ్రులు భయపడి పిల్లలను నెలల తరబడి కదలకుండా కూర్చోబెట్టనూ వద్దు. పూర్తి విశ్రాంతితో టెండన్ ఇంకా బలహీనపడుతుంది. దానికి మందు క్రమంగా పెంచే వ్యాయామమే.

ఏమి చేయాలి?

1. ఎగరడం, వేగంగా పరుగెత్తడం కొంతకాలం తగ్గించండి. నడక మానవద్దు.

2. గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్లు మోకాళ్లు వంచి 30 నుండి 45 సెకన్లు ఉండండి. రెండేసి నిమిషాలు ఆగుతూ 5 సార్లు చేయండి.

3. తరువాత ఫిజియోథెరపిస్టు సలహాతో బరువులతో వ్యాయామం చేయండి. ఎగరడం అన్నిటికన్నా చివర.

4. వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాటికి ఎక్కువైతే వ్యాయామం తగ్గించండి.

నయం కావడానికి 3 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఓపిక పట్టండి. స్టెరాయిడ్ ఇంజక్షన్ కోసం తొందరపడవద్దు. ఉపశమనం కొద్దికాలమే, టెండన్ బలహీనపడే ప్రమాదం ఉంది.

ఎగిరినప్పుడు 'టప్'మని శబ్దం వచ్చి కాలు చాపలేకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి రండి.