రైట్ క్లిక్ మెనూలో మీ టీమ్ కమాండ్

ప్రతి టీమ్‌లోనూ విసుగు పుట్టించే పని ఒకటి ఉంటుంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడింటిలోనూ నడిచే యాప్ తయారుచేసే టీమ్‌నే తీసుకోండి. స్క్రీన్ మీద కనిపించాల్సిన వాక్యాన్ని ఎవరో తొందరలో నేరుగా కోడ్‌లో రాసేస్తారు. ఆ తర్వాత దాన్ని అక్కడినుంచి కట్ చేసి, భాషల ఫైల్ తెరిచి, ఒక కీ పేరు పెట్టి అతికించి, మళ్లీ వెనక్కొచ్చి ఆ కీని కోడ్‌లో పెట్టాలి. అదే పని, వాక్యాన్ని సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే ‘భాషల ఫైల్‌కు తరలించు’ అన్న లైను కనిపించి, ఒక్క క్లిక్కుతో అయిపోతే ఎంత హాయి!

విఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇలాంటి లైను చేర్చే ప్లగిన్ రాయడానికి టైప్‌స్క్రిప్ట్ ఓ మోస్తరుగా వస్తే చాలు. తలనొప్పి అంతా ఆ లైను ఎప్పుడు కనిపించాలి, ఎప్పుడు కనిపించకూడదు అన్న దగ్గరే. రైట్ క్లిక్ మెనూ మీ ఒక్కరిదీ కాదు. పది ప్లగిన్లు పెట్టుకున్నవాళ్లకు అది ఇప్పటికే కిక్కిరిసి ఉంటుంది. అందులో పనికిరాని చోట కనిపించే లైను ఎంత గొప్ప పని చేసినా జనం దాన్ని తీసేస్తారు.

ముందు దీని పనితీరు చూద్దాం. మెనూను కోడ్‌తో తయారుచేయరు, ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్‌లో ప్రకటిస్తారు. అందులోని ‘కాంట్రిబ్యూట్స్’ కింద ‘కమాండ్స్’లో కమాండ్‌కు ఒక ఐడీ, ఒక టైటిల్ ఇస్తారు. ‘మెనూస్’లో ఆ ఐడీని ‘ఎడిటర్/కాంటెక్స్ట్’ కింద చేరుస్తారు. ఫైళ్ల పట్టికలో కనిపించాలంటే ‘ఎక్స్‌ప్లోరర్/కాంటెక్స్ట్’. ఇక కోడ్‌లో ‘రిజిస్టర్‌కమాండ్’తో అదే ఐడీకి ఒక ఫంక్షన్ కట్టాలి. ఐడీలో ఒక్క అక్షరం తేడా వచ్చినా మెనూలో లైను మామూలుగానే కనిపిస్తుంది, నొక్కితే మాత్రం కమాండ్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ప్రకటన ఫైల్‌లోనే ఉంది కాబట్టి ప్లగిన్ నిద్రలో ఉన్నా మెనూ కనిపిస్తుంది. మొదటిసారి నొక్కినప్పుడే ప్లగిన్ లేస్తుంది. ఇందుకోసం యాక్టివేషన్ ఈవెంట్ విడిగా రాయాల్సిన పని 2022 నవంబర్ విడుదల అయిన 1.74 వెర్షన్ నుంచి తప్పింది.

అసలు బలం ‘వెన్’ అనే షరతులో ఉంది. మన ఉదాహరణలో వాక్యం సెలెక్ట్ చేసి ఉండాలి కాబట్టి ‘ఎడిటర్‌హ్యాజ్‌సెలెక్షన్’, భాష టైప్‌స్క్రిప్ట్ కావాలి కాబట్టి ‘ఎడిటర్‌ల్యాంగ్‌ఐడీ’, ఫైల్ మార్చడానికి వీలుండాలి కాబట్టి ‘ఎడిటర్‌రీడ్‌ఓన్లీ’ ముందు కాదనే ఆశ్చర్యార్థకం. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒకటుంది. టైప్‌స్క్రిప్ట్‌లో రాసిన రియాక్ట్ ఫైళ్లకు విఎస్ కోడ్ ఇచ్చే భాష ఐడీ ‘టైప్‌స్క్రిప్ట్’ కాదు, ‘టైప్‌స్క్రిప్ట్‌రియాక్ట్’. స్క్రీన్ మీది వాక్యాలు ఎక్కువగా ఉండేది ఆ ఫైళ్లలోనే. ఏ చోట ఏ కీలు (షరతులో వాడే ఈ పేర్లనే కాంటెక్స్ట్ కీలంటారు) పనిచేస్తున్నాయో ఊహించుకుంటూ కూర్చోకండి. కమాండ్ ప్యాలెట్‌లో ‘డెవలపర్: ఇన్‌స్పెక్ట్ కాంటెక్స్ట్ కీస్’ నడిపి, కావలసిన చోట క్లిక్ చేస్తే, ఆ క్షణంలో ఉన్న కీలన్నీ విలువలతో సహా డెవలపర్ టూల్స్ కన్సోల్‌లో కనిపిస్తాయి.

సొంత కీ కూడా పెట్టుకోవచ్చు. భాషల ఫైల్ లేని ప్రాజెక్టులో మన లైను కనిపించి లాభం లేదు. ‘సెట్‌కాంటెక్స్ట్’ కమాండ్‌తో, పేరు ముందు మీ ప్లగిన్ పేరు చేర్చి, ఒక కీని నిజం చేస్తే సరి. కానీ ఇందులో విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు ఉంది. ఆ కీని పెట్టాల్సింది ప్లగిన్. ప్లగిన్ లేచేది లైను నొక్కితే. లైను కనిపించాలంటే కీ ఉండాలి. అందుకని ‘వర్క్‌స్పేస్‌కంటెయిన్స్’ అనే యాక్టివేషన్ ఈవెంట్‌లో భాషల ఫైళ్ల దారి రాయండి. ఆ ఫైళ్లున్న ప్రాజెక్టు తెరిచినప్పుడే ప్లగిన్ లేచి కీ పెట్టుకుంటుంది.

లైను ఏ వరుసలో రావాలో ‘గ్రూప్’ చెబుతుంది. ‘నావిగేషన్’ గ్రూపు ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి చేయి అటే పోతుంది. వద్దు. మనది కోడ్ మార్చే పని, ‘1_మాడిఫికేషన్’ దానికి తగిన చోటు. గ్రూపులో స్థానం కావాలంటే చివర ‘@’ పెట్టి అంకె వేయాలి. కమాండ్లు రెండు మూడు దాటితే వాటిని ఒక సబ్‌మెనూలోకి చేర్చడమే మర్యాద.

టైటిల్ ముందే రాసిపెట్టినది, నడుస్తుండగా మార్చలేం. ‘ఆన్ చెయ్యి’, ‘ఆఫ్ చెయ్యి’ అని మారాలంటే రెండు కమాండ్లు పెట్టి, ఒకదానికి ఒకటి వ్యతిరేకమైన షరతులు ఇవ్వాలి.

ఫంక్షన్‌కు ఏమందుతుందన్నదీ చూసుకోవాలి. ఫైళ్ల పట్టికలో రైట్ క్లిక్ కొడితే మొదట నొక్కిన ఫైల్, రెండోదిగా సెలెక్ట్ చేసిన ఫైళ్లన్నీ అందుతాయి. మొదటిదే తీసుకుంటే, అయిదు ఫైళ్లు ఎంచుకున్న మనిషికి ఒక్కదానిమీదే పని జరుగుతుంది, మిగతా నాలుగూ అలాగే ఉన్నట్టు అతనికి తెలియదు కూడా. కమాండ్ ప్యాలెట్ నుంచి పిలిస్తే ఏమీ అందదు. అప్పుడు తెరిచి ఉన్న ఎడిటర్‌ను చూసుకోవాలి, అదీ లేకపోతే అర్థమయ్యే మెసేజ్ చూపించాలి.

ఎఫ్5 కొడితే పరీక్షించడానికి వేరే విండో తెరుచుకుంటుంది. లైను కనిపించాల్సిన చోట్లు ఎలాగూ చూస్తారు, కనిపించకూడని చోట్లు కూడా చూడండి. మార్క్‌డౌన్ ఫైల్‌లో, ఏమీ సెలెక్ట్ చేయకుండా, భాషల ఫైల్ లేని ప్రాజెక్టులో రైట్ క్లిక్ కొట్టండి. తర్వాత ‘విఎస్‌సీఈ ప్యాకేజ్’ కమాండ్‌తో వచ్చే విసిక్స్ ఫైల్‌ను టీమ్‌కు పంపితే చాలు, మార్కెట్‌ప్లేస్‌లో పెట్టక్కర్లేదు. పంపాక రెండు మూడు వారాలాగి, ఎవరు వాడుతున్నారో అడగండి. ఎవరూ ముట్టని లైను ఉంటే తర్వాతి వెర్షన్‌లో మెనూ నుంచి తీసేసి, కమాండ్ ప్యాలెట్‌లో మాత్రం ఉంచండి.