పక్షశాసనం – భావస్వాతంత్ర్యం

పాఠ్యభాగ ఉద్దేశం

ప్రజాస్వామ్యంలో రాజకీయ పక్షానికి క్రమశిక్షణ అవసరం. సభ్యునికి తన అభిప్రాయాన్ని వెల్లడించే స్వేచ్ఛ కూడా అంతే అవసరం. ఈ రెండింటి మధ్య తలెత్తే సంఘర్షణను ఉద్దానం ప్రాంత రాజకీయ చరిత్ర ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పలాసకు, మందసకు నడుమ రైలుమార్గం మీద ఉన్న చిన్న ఊరు సుమ్మాదేవి. దాని చుట్టూ, సముద్రతీరం వెంబడి వ్యాపించిన కొబ్బరి, జీడి, పనస తోటల ప్రాంతమే ఉద్దానం. ఈ తీరంలోని బారువ గ్రామంలో 1909లో జన్మించిన గౌతు లచ్చన్న స్వాతంత్ర్య సమరయోధుడిగా, రైతుల, గీత కార్మికుల నాయకుడిగా ‘సర్దార్’ అనే గౌరవాన్ని పొందారు. ఆచార్య ఎన్.జి.రంగా ఆయనకు రాజకీయ గురువు.

1951లో రంగా కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించగా లచ్చన్న ఆయన వెంట నడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. టంగుటూరి ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయ్యారు. మద్యనిషేధం వల్ల జీవనోపాధి కోల్పోయిన గీత కార్మికుల సమస్య ఆ ప్రభుత్వాన్ని చిక్కుల్లో పడవేసింది. వారి పక్షాన నిలిచిన లచ్చన్న ప్రభుత్వాన్ని ఎదిరించారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గింది, మంత్రివర్గం కూలిపోయింది. ఒక్క సభ్యుని ఓటుకు ఎంత బలముందో, ఆ ఓటు వేసేవానిపై ఎంత బాధ్యత ఉందో ఈ సంఘటన చాటింది.

రంగా 1955లో తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని సమర్థిస్తూ తీర్మానించింది. అప్పుడాయన కాంగ్రెస్ పార్లమెంటరీ పక్ష కార్యదర్శి. రైతుకు తన భూమిపై హక్కు ఉండాలన్నది ఆయన జీవితకాల విశ్వాసం. పదవిలో ఉంటూ పక్ష నిర్ణయాన్ని లోలోపల ధిక్కరించడం ఆయనకు సమ్మతం కాలేదు. పదవిని, పక్షాన్ని విడిచిపెట్టారు. అదే సంవత్సరం రాజాజీ ప్రారంభించిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. లచ్చన్న ఆంధ్రలో ఆ పార్టీకి అండగా నిలిచారు.

స్వతంత్ర పార్టీ ప్రకటించిన మౌలిక సూత్రాలు ఇరవై ఒకటి. ఆ సూత్రాల పరిధిలోకి రాని విషయాలన్నింటిలోనూ సభ్యులకు పూర్తి భావస్వాతంత్ర్యం ఉంటుందని చివరి సూత్రం పేర్కొన్నది. మౌలిక విషయాల్లో ఐక్యత, తక్కినవాటిలో స్వేచ్ఛ అనే ఈ విభజన భారత రాజకీయాల్లో అరుదైన ప్రయోగం. 1967లో ఆ పార్టీ లోక్‌సభలో 44 స్థానాలు గెలిచి ప్రతిపక్షాల్లో అతిపెద్దదైంది. శ్రీకాకుళం నుంచి రంగా లోక్‌సభకు వెళ్ళిన సంవత్సరం కూడా అదే. అయినా ఆ బలం ఎంతోకాలం నిలువలేదు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో విలీనమైంది.

అదే 1967లో మరొక ధోరణి తలెత్తింది. హర్యానాలో ఒక శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. సిద్ధాంతం కోసం పదవిని వదులుకోవడం వేరు. పదవి కోసం పార్టీని వదులుకోవడం వేరు. రెండవదాన్ని అరికట్టడానికి 1985లో 52వ రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా సభ్యత్వం పోతుంది. పదిహేను రోజుల్లోగా పార్టీ మన్నిస్తేనే మినహాయింపు. మూడవవంతు సభ్యుల చీలికకు ఉన్న రక్షణను 2003లో 91వ సవరణ తొలగించింది.

ఈ చట్టం ఫిరాయింపుదారునికి, అంతరాత్మను అనుసరించే సభ్యునికి ఒకే శిక్ష విధిస్తుంది. నాగపూర్ తీర్మానం వంటి విధానంపై రంగా వంటివారు నేడు సభలో ఎదురు ఓటు వేస్తే సభ్యత్వం కోల్పోయే ప్రమాదం ఉంటుంది. 1992లో కిహోతో హోలోహాన్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. అయితే ప్రభుత్వ మనుగడకు, పార్టీ ప్రధాన విధానాలకు సంబంధించిన ఓటింగుకే ఆదేశం పరిమితం కావాలని సూచించింది. బ్రిటన్‌లో పార్టీ ఆదేశాల తీవ్రతను గీతల సంఖ్యతో సూచిస్తారు. కొన్ని నైతిక విషయాల్లో సభ్యులు స్వేచ్ఛగా ఓటు వేస్తారు.

ఉద్దానం ప్రజలను ఏళ్ళ తరబడి మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. అక్కడి ప్రతినిధి అధికారపక్షంలో ఉన్నా, ఆ బాధను సభలో నిర్భయంగా చెప్పగలగాలి. ఓటరు పార్టీ గుర్తును చూసి ఓటు వేస్తాడు. అభ్యర్థిని చూసి కూడా వేస్తాడు. గుర్తును నమ్మినవానికి క్రమశిక్షణ రక్ష. మనిషిని నమ్మినవానికి స్వేచ్ఛ రక్ష. నిర్ణయానికి ముందు పక్షంలో నిండైన చర్చ, నిర్ణయం తరువాత మౌలిక విషయాల్లో కట్టుబాటు, తక్కినవాటిలో సహనం – ఈ మూడూ ఉన్నప్పుడే ఆ రెండు నమ్మకాలూ నిలుస్తాయి.

అర్థాలు

పక్షశాసనం = పార్టీ ఆదేశం; ధిక్కరించు = ఎదిరించు; మౌలికం = మూలమైనది; ఫిరాయింపు = ఒక పక్షం నుంచి మరొక పక్షానికి మారడం; మనుగడ = నిలకడ, జీవనం

ప్రశ్నలు

1. స్వతంత్ర పార్టీ చివరి సూత్రంలోని విశేషమేమి?
2. సిద్ధాంతం కోసం పార్టీని వీడడానికి, ఫిరాయింపునకు గల భేదాన్ని వివరించండి.
3. పదవ షెడ్యూలు వల్ల కలిగిన మేలును, పరిమితిని చర్చించండి.