గృహదీపాలు: వెలుగు, ఆయుర్దాయం

విద్యుద్దీపాలు అమ్మే ఏ దుకాణం ముందు నిలబడినా మనకు ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: “ఎన్ని వాట్లది కావాలండీ?” పొరపాటు ఈ ప్రశ్నలోనే ఉన్నది. వాట్ అనేది దీపం ఖర్చు చేసే విద్యుత్తుకు కొలత. అది ఇచ్చే వెలుగుకు కాదు. వెలుగును కొలిచేది ల్యూమెన్. ఎద్దు ఎంత మేత మేసినదో చెప్పినంత మాత్రాన ఎంత చేను దున్నినదో తెలియదు కదా! భాషాబోధకుడనైన నేను ఈ శాస్త్రవిషయంలో తలదూర్చడానికి కారణం నిరుడు మన వసతిగృహంలో కలిగిన ఒక అనుభవం. దానిని కొంత తరువాత మనవి చేస్తాను.

ముందుగా మన పాత గుండు బల్బును గురించి. అందులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగి వెలుగుతుంది. అది స్వీకరించిన విద్యుత్తులో అత్యధిక భాగం వేడిగా పోతుంది. అందుకే 60 వాట్ల బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, అనగా వాటుకు పన్నెండు మాత్రమే. ఆయుర్దాయం వెయ్యి గంటలు. కాగిన తీగ నుండి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరై గాజు లోపలి వైపు నల్లగా పేరుకుంటుంది. తీగ ఎక్కడ బాగా సన్నబడితే అక్కడ తెగుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం గమనింపదగినది. ఈ బల్బులో వెలుగుకు, ఆయుర్దాయానికి పొత్తు కుదరదు. 230 వోల్టులకు తయారైన బల్బు 250 వోల్టుల వద్ద వెలిగితే కాంతి పెరుగుతుంది గాని, ఆయుష్షు దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. 210 వోల్టుల వద్ద ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది గాని, కాంతి పావు వంతు తగ్గుతుంది. అమెరికాలోని లివర్‌మోర్ పట్టణపు అగ్నిమాపక కేంద్రంలో 1901 నుండి వెలుగుతున్న బల్బును చూచి లోకం ఆశ్చర్యపోతుంది. కాని అది ఇచ్చేది గుడ్డివెలుగు. దాని కింద పుస్తకం చదవడం కష్టం. 1924లో జెనీవాలో పెద్ద బల్బుల కంపెనీలు కూటమిగా ఏర్పడి వెయ్యి గంటలకు మించి బల్బు వెలగరాదని కట్టడి చేసుకున్న మాట నిజమే. మించినవారికి జరిమానా కూడా విధించారు. అందులో వ్యాపారులు స్వలాభం చూచుకున్నారు; అయితే తక్కువ కాలం బ్రతికే బల్బు ఎక్కువ వెలుగునిస్తుందన్న వారి వాదనను పూర్తిగా త్రోసివేయలేము.

ట్యూబ్‌లైటులో తీగ కాగి వెలుగునివ్వదు. పాదరసపు ఆవిరి నుండి పుట్టిన అతినీలలోహిత కిరణాలు గాజుకు పూసిన పొడిని వెలిగిస్తాయి. 40 వాట్ల పాత ట్యూబు సుమారు 2400 ల్యూమెన్లు ఇస్తుంది. చోక్ తినే పది, పదిహేను వాట్లను మనం లెక్కలో మరచిపోతూ ఉంటాము. సి.ఎఫ్.ఎల్. దీని చిన్న తమ్ముడే. మాటిమాటికీ ఆర్పి వెలిగిస్తే ఈ రెండింటికీ ఆయుష్షు తగ్గుతుంది. పగిలితే పాదరసంతో జాగ్రత్త వహించాలి.

నేటి ఎల్.ఇ.డి. అర్ధవాహకం నుండి వెలుగు తీస్తుంది. నీలికాంతి నిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానం లభించింది. ఆ సంవత్సరమే మన పశ్చిమ గోదావరి జిల్లాలో పాత బల్బులు తీసుకొని ఇంటికి రెండేసి ఎల్.ఇ.డి.లు ఇచ్చే పథకం మొదలైనది. (2022లో జిల్లాల విభజన జరిగే వరకు నిడదవోలు ఆ జిల్లాలోనిదే.) 2015 జనవరి 5న దేశవ్యాప్తంగా ఆరంభమైన పథకానికి ‘ఉజాలా’ అన్న పేరు వచ్చినది. ఉర్దూ విద్యార్థులకు ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తెలుగువారికి మాత్రం ఆ పేరు వినగానే బట్టల నీలిమందే ముందు గుర్తుకు వస్తుంది!

9 వాట్ల ఎల్.ఇ.డి. సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. పెట్టె మీద 25,000 గంటలు అని ఉంటుంది. అన్ని గంటలు వెలగడానికి 60 వాట్ల బల్బులు ఇరవై ఐదు కావాలి, 1500 యూనిట్లు ఖర్చు కావాలి. ఎల్.ఇ.డి.కి 225 యూనిట్లు చాలును. రోజుకు ఐదు గంటల చొప్పున పదమూడేళ్ళకు పైగా రావాలి. మరి మన ఇళ్ళలో రెండేళ్ళకే ఎందుకు పోతున్నది?

సాధారణంగా పోయేది వెలుగునిచ్చే భాగం కాదు. దాని మెడలో దాగిన డ్రైవర్ అనే చిన్న విద్యుత్ పరికరం. అందులోని కెపాసిటర్‌కు వేడి శత్రువు. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. పైగా 25,000 గంటలు అన్న మాటకు అర్థం అప్పటికి వెలుగు మొదటి దానిలో 70 శాతానికి దిగుతుందని. అది సాధారణంగా ఎల్.ఇ.డి. భాగాన్ని పరీక్షించి చెప్పిన లెక్క, డ్రైవర్ గురించి ఇచ్చిన మాట కాదు.

నిరుడు జరిగినది ఇదే. వరి పండే కాలంలో దీపాలకు మూగే పురుగుల బాధకు వసతిగృహం వరండాలో మూసి ఉన్న గాజు డోములు పెట్టించాము. ఒకే మారు కొన్న బల్బులలో కొన్ని డోములలోను, కొన్ని గదులలో తెరచి ఉన్న హోల్డర్లకును బిగించాము. వేసవి వచ్చేసరికి డోములలోనివి ఒకటొకటిగా కొట్టుకొని ఆరిపోయినవి. పరీక్షల రోజులలో వరండాలో కూర్చొని చదివే పిల్లలు మెట్ల దగ్గరి ఒక్క దీపం కిందకు చేరవలసి వచ్చినది. గదులలోనివి నేటికీ వెలుగుతున్నవి. సరుకు చెడ్డదని దుకాణదారునితో వాదించినవాడిని నేనే. తప్పు నాది.

కమిటీ పెద్దలకు నా మనవి: వరండాకు గాలి ఆడే దీపాలు పెట్టించండి, పురుగులకు పలచని వల చాలును. గదులలోని పాత ట్యూబులను పోయేదాకా ఉంచుదామన్న ఆలోచన పొదుపు కాదు. చోక్‌తో కలిపి 55 వాట్లు తినే ట్యూబు స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ పెడితే, రోజుకు ఐదు గంటల చొప్పున మూడు వందల రోజులకు ఒక్కొక్క దీపానికి 52 యూనిట్లకు పైగా మిగులుతాయి. వెలుగు కొంచెం తగ్గవచ్చు. అందుచేత కొనేటప్పుడు వాట్లు కాక ల్యూమెన్లు చదవాలి, హామీ కాగితంపై తేదీ వేయించుకోవాలి. పెద్ద తరగతి విద్యార్థులు ఇప్పటికే ప్రతి బల్బు మెడ మీద బిగించిన తేదీ పెన్నుతో రాసి, ఒక నోటు పుస్తకంలో గది సంఖ్యతో సహా ఎక్కిస్తున్నారు.