గుంటూరి గ్రహణమును, సూర్యుని యాయుర్దాయమును

1995వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ ఉదయమున సూర్యగ్రహణము పట్టినప్పుడు మేము పదునైదేండ్ల బాలురము. రామచంద్రపురమున మా యింటి తలుపులును కిటికీలును మూయబడెను. నీళ్లబిందెలపై దర్భలు వేసిరి. పెద్దవారు విడుపుస్నానమునకై కోటిపల్లి రేవునకు పోయిరి; పిల్లలమగు మమ్ము మాత్రము చీకటిగదిలో కూర్చుండబెట్టి, గ్రహణము విడుచువరకు బయటికి రావలదనిరి. ఆ మాట దాటుటకు మాకు ధైర్యము చాలలేదు. గ్రహణకాలమున సూర్యుని వట్టికంటితో చూచుట కంటికి నిజముగా హానికరమే. ఆ భయమును మేము తప్పుపట్టము. కాని ఆ హానిని తప్పించుకొనుటకు తలుపు మూసికొనుట యొక్కటే మార్గము కాదు. మనకు పొరుగైన కృష్ణాతీరమున, ఆ దినమునకు 127 సంవత్సరములకు పూర్వము, తలుపు తెరచి చూచినవారికి ఏమి కనబడెనో చదువరులు చిత్తగింతురు గాక.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు మీదుగాను, బందరు మీదుగాను పోయెను. దానిని చూచుటకై ఫ్రెంచి పండితుడగు జూల్ జాన్సెనును, మేజరు టెన్నెంటు నాయకత్వమున ఆంగ్లేయుల బృందమును గుంటూరునకు వచ్చియుండిరి. చెన్నపట్టణపు వేధశాలాధికారియగు పోగ్సను బందరున నుండెను. వారు తెచ్చిన ముఖ్యసాధనము దూరదర్శినికి తగిలించిన వర్ణపటదర్శిని. సూర్యకాంతిని గాజుపట్టకముగుండ పోనిచ్చినచో ఇంద్రధనుస్సువంటి రంగుల పట్టీ యేర్పడునని మన పాఠశాలల బాలురెరుగుదురు. మండుచున్న పలుచని వాయువు యొక్క వెలుగు నట్లే విడదీసినచో పట్టీకి మారుగా కొన్ని ప్రకాశరేఖలు మాత్రమే కనబడును. ఒక్కొక్క మూలద్రవ్యమునకు దాని రేఖలు వేరు. న్యాయస్థానమున వ్రేలిముద్ర యెట్టిదో ఖగోళశాస్త్రమున నీ రేఖ లట్టివి. కోట్లకొలది మైళ్ల దూరమున నున్న పదార్థమైనను తన ముద్రను దాచలేదు.

చంద్రబింబము సూర్యుని పూర్తిగా కప్పిన ఆ కొలది నిమిషములలో, అంచున నెగయు నెఱ్ఱని జ్వాలల వెలుగు ప్రకాశరేఖలుగా విడిపోయెను. కావున నవి వాయువులనియు, అందు ఉదజని ప్రధానమనియు తేలెను. ఆ రేఖలు మిక్కిలి కాంతివంతములుగా నుండుటచేత, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని జాన్సెనుకు తోచెను. మరునాడే యట్లు చూచెను కూడ.

జాన్సెను గుంటూరున హీలియమును కనుగొనెనని పలువురు వ్రాయుచున్నారు. సాక్ష్యమును పరిశీలించినచో నీ మాట సవరింపదగినదిగా నున్నది. ఆనాడు కొందరు పసుపుపచ్చని రేఖ నొకదానిని చూచిరి గాని, దాని నెక్కువమంది సోడియమునకు చెందినదిగా నెంచిరి. పోగ్సను మాత్రము అది సోడియపు స్థానముతో సరిగా కలియలేదని గమనించెను. ఆ రేఖ వేరని కొలిచి, భూమిపై నెరుగని ద్రవ్యము సూర్యునియందు కలదని భావించినవాడు ఆంగ్లేయుడగు నార్మను లాకియరు. ఆయన ఆ సంవత్సరము అక్టోబరు నెలలో గ్రహణము లేకయే యా జ్వాలలను చూచెను. ఇరువురి లేఖలును అక్టోబరు 26వ తేదీనాడే పారిసు శాస్త్రపరిషత్తున చదువబడెను. సూర్యునకు గ్రీకుభాషయందలి పేరును బట్టి ఆ ద్రవ్యమునకు హీలియమని పేరు వచ్చెను. 1895లో విలియం రామ్సే దానిని భూమిపైనే యొక ఖనిజమునుండి రాబట్టువరకు అనేకులు నమ్మలేదు. ఇరువదియేడేండ్లు వాయిదాపడి తుదకు గెలిచిన వ్యాజ్యమిది.

సూర్యుడేమి దహించి వెలుగుచున్నాడను ప్రశ్నకు ఆనాడు సమాధానము లేదు. తన బరువుచే తాను కుంచించుకొనుటవలన వేడి పుట్టుచున్నదని కెల్విను లెక్కించెను. ఆ లెక్క ప్రకారము సూర్యుని వయస్సు కొలది కోట్ల సంవత్సరములకు మించదు. భూమిపొరలను చదివినవారికి ఆ కాలము చాలలేదు. చిక్కు విడదీసినది ఐన్‌స్టయిను 1905లో ప్రకటించిన సాపేక్షతా సిద్ధాంతము. ద్రవ్యరాశియు శక్తియు నొకదానినుండి మరొకటి రాగలవని దానినుండి తేలెను. ఉదజని కేంద్రకములు నాలుగు కలిసి యొక హీలియము కేంద్రకమైనచో, వేయింట నేడు వంతుల ద్రవ్యరాశి తగ్గును, తగ్గినదే వెలుగగును. ఇదియే సూర్యుని యింధనము కావచ్చునని ఎడింగ్టను 1920లో వాదించెను. అందుకు సూర్యునియందు ఉదజని విస్తారముగా నుండవలెను గదా! నక్షత్రములందు ఉదజనియే అత్యధికమని 1925లో సిసీలియా పేను అను యువతి తన సిద్ధాంతవ్యాసమున లెక్కకట్టెను. రస్సెలను పెద్ద పండితు డది అసంభవమనగా, ఆమె తన ఫలితము బహుశః నిజము కాదని తానే వ్రాయవలసివచ్చెను. నాలుగేండ్లకు రస్సెలే యామె మాట నిజమని యొప్పుకొనెను. పెద్దల మాటకు లోబడి తన కన్ను చూచినదానిని కాదనుకొనవలసిన దుఃస్థితి మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. కలయిక జరుగు క్రమమును బెతే 1939లో వివరించెను.

సూర్యగర్భమున క్షణమునకు దాదాపు 60 కోట్ల టన్నుల ఉదజని హీలియముగా మారుచున్నది. అందు 40 లక్షల టన్నులకు పైగా వెలుగై పోవుచున్నది. హీలియము ఆ పొయ్యిలోని బూడిద యనవచ్చును. అయితే లాకియరు అంచున చూచిన హీలియము మాత్ర మీ బూడిద కాదు. అది సూర్యుడు పుట్టకపూర్వమే యుండినది. లోపలి బూడిద పైకి రాదు.

సూర్యుని వయస్సిప్పుడు సుమారు 460 కోట్ల సంవత్సరములు. ఇంకను 500 కోట్ల సంవత్సరముల యింధనము కలదు. పిమ్మట ఉబ్బి, ఎఱ్ఱబారి, పైపొరలను విడిచి, భూమియంత పరిమాణముగల శ్వేతకుబ్జముగా మిగులును. అన్ని నక్షత్రముల గతి యిది కాదు. చెన్నపట్టణమున చదివిన చంద్రశేఖరు, 1930లో పందొమ్మిదేండ్ల ప్రాయమున, ఇంగ్లండునకు ఓడలో పోవుచు, సాపేక్షతను శ్వేతకుబ్జములకు అన్వయించి లెక్కించెను. సూర్యునికంటె సుమారు 1.4 రెట్లు మించిన బరువుతో శ్వేతకుబ్జము నిలువజాలదు. అంతకు మించి మిగిలిన గర్భము కూలి, న్యూట్రాను నక్షత్రమో కృష్ణబిలమో యగును.

సాపేక్షతకు ప్రసిద్ధమైన పరీక్షయు గ్రహణమునాడే జరిగినది. సూర్యుని యంచు నొరసికొనివచ్చు నక్షత్రకాంతి ఒకటియు ముప్పాతిక వికలలు వంగవలెనని ఐన్‌స్టయిను 1915లో లెక్కించెను. వికల యనగా డిగ్రీలో 3600వ వంతు. సూర్యుని చెంతనున్న చుక్కలు గ్రహణమున దప్ప కనబడవు గావున, 1919 మే 29న ఆఫ్రికా తీరమునను బ్రెజిలునందును ఛాయాచిత్రములు తీసిరి. కొలతలు ఐన్‌స్టయిను పక్షమున వచ్చెను.

2031 మే 21వ తేదీని కంకణగ్రహణము కేరళ, తమిళ దేశముల మీదుగా పోవును. మన గోదావరి సీమలో అది మధ్యాహ్నవేళ పాక్షికముగా కనబడును. అట్టముక్కకు సూదిమొనంత రంధ్రము చేసి, సూర్యునికి వీపు త్రిప్పి నిలిచి, రంధ్రమునుండి వచ్చు వెలుగును తెల్లకాగితముపై పడనిచ్చినచో సూర్యబింబము తరుగుట స్పష్టముగా తెలియును. మామిడిచెట్టు క్రింద నేలపై పడు వెలుగుచుక్కలన్నియు నెలవంకలుగా మారును. ఇంట పిల్లలున్నవారు అట్టముక్కను ముందునాడే సిద్ధపరచుకొనవలెను.