బండిలోని పటం: రోడ్డు పోయిందని ఎవరు చెప్పాలి?

అవగాహన

గండికోట జలాశయం నిల్వ సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో అందులో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరును నీళ్లు చుట్టుముట్టాయి. జనం పునరావాస కాలనీలకు వెళ్లారు. ఊరితో పాటు ఊరి దారులూ మునిగాయి. కారు తెర మీది పటంలోంచి ఆ దారుల్ని తీసేయాల్సింది ఎవరు? నావిక్, జీపీఎస్‌ల గురించి బట్టీపట్టే గ్రూప్స్ అభ్యర్థుల్లో చాలామంది ఈ ప్రశ్న దాకా రారు.

ఉపగ్రహానికి రోడ్డు తెలియదు

ఉపగ్రహ సంకేతాలతో తేలేది బండి ఏ అక్షాంశ, రేఖాంశాల దగ్గర ఉందన్నది మాత్రమే. ఆ బిందువు ప్రొద్దుటూరు బైపాస్ మీద ఉందా, పక్కనున్న సర్వీసు రోడ్డు మీద ఉందా అన్నది పటంతో సరిపోల్చి తేల్చుకోవాలి. దీన్నే మ్యాప్ మ్యాచింగ్ అంటారు. 1985లో అమెరికాలో వచ్చిన ఎటాక్ నావిగేటర్ అనే కారు పరికరం ఉపగ్రహం ఊసే లేకుండా పనిచేసింది. చక్రాల తిరుగుడు, దిక్సూచి, క్యాసెట్ టేపులో పటం ఉంటే చాలు. టేపు తీసేస్తే మాత్రం అది దారి చూపలేదు.

పటం లోపల ఏముంటుంది?

మనకు కనిపించేది బొమ్మ. బండి చదివేది డేటాబేస్. కూడలిని నోడ్ అని, రెండు నోడ్‌ల మధ్య రోడ్డు ముక్కను లింక్ అని అంటారు. ఒక్కో లింకుకు వన్‌వేనా, ఎన్ని వరుసలు, వేగ పరిమితి ఎంత, ఎక్కడ మలుపు నిషేధం లాంటి వివరాలుంటాయి. ఈ సమాచారాన్ని నమోదుచేసి ఇచ్చిపుచ్చుకునే అంతర్జాతీయ ప్రమాణం జీడీఎఫ్, అంటే ఐఎస్‌వో 14825.

రోడ్డు కదలకపోయినా పటం పాతబడుతుంది. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు కర్నూలు-కడప-చిత్తూరు దారిలో 18 పోయి 40 వచ్చింది. మారింది వివరమే, గీత కాదు.

పులివెందుల వైపు చూస్తే చిక్కు ఇంకోరకం. ఆ ప్రాంతం మీదుగా వేస్తున్న బెంగళూరు-విజయవాడ ఆరు వరుసల రహదారి మీదకి ఇంటర్‌ఛేంజ్‌ల దగ్గర తప్ప ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి లేదు. పల్లె రోడ్డు దాని కింద అండర్‌పాస్‌లో దూరిపోతుంది. పటంలో గీతలు రెండూ ఒకదాన్నొకటి దాటినా అక్కడ నోడ్ పెట్టకూడదు. పెట్టారా, లేని మలుపు తిరగమని బండి చెబుతుంది.

కొత్తది సులువు, పోయినదే కష్టం

కొత్త రోడ్డు తనంతట తానే బయటపడుతుంది. గీత లేనిచోట రోజూ వందల ఫోన్లు, బండ్లు ఒకే వరుసలో కదులుతుంటే సర్వరుకు అనుమానం వస్తుంది. ఉపగ్రహ చిత్రం చూస్తారు, అవసరమైతే కెమెరాల బండిని పంపుతారు. ఇలా బండ్ల కదలికల నుంచి వచ్చేదే ప్రోబ్ డేటా.

పోయిన రోడ్డు సంగతి వేరు. పెద్ద రహదారిలో రాకపోకలు ఆగితే వెంటనే తెలుస్తుంది. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడు కడప దారి తెగిందన్నది దాచినా దాగని వార్త. ముంపు గ్రామపు పల్లె రోడ్డు మీద మామూలు రోజుల్లోనే నాలుగు బండ్లు తిరగవు. అక్కడ కదలిక లేదంటే దారి మూసుకుపోయిందా, ఎవరూ వెళ్లలేదా? ప్రోబ్ డేటా చెప్పలేదు. ఉపగ్రహ చిత్రాన్నీ పూర్తిగా నమ్మలేం. జలాశయంలో నీళ్లు తగ్గిన రోజుల్లో తీసిన చిత్రంలో పాత దారి మళ్లీ తేలవచ్చు. వంకల మీది చప్టాలదీ ఇదే తంతు: ఎండాకాలం రోడ్డు, వానాకాలం ఏరు.

2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర రామ్‌గంగ నదిపై తెగిన వంతెన మీంచి కారు పడి ముగ్గురు చనిపోయారు. వంతెన కొంతభాగం అంతకుముందే వరదలో కొట్టుకుపోయినా నావిగేషన్‌లో ఆ సమాచారం లేదని పోలీసులు చెప్పారు. కొత్త రోడ్డు చూపకపోతే చుట్టు తిరుగుతాం. లేని రోడ్డు చూపితే ప్రాణాల మీదికొస్తుంది.

బండికి చేరేదెలా?

ఒకప్పుడు డీవీడీ, తర్వాత ఎస్‌డీ కార్డు, ఇప్పుడు ఓవర్ ది ఎయిర్, అంటే వైర్‌లెస్‌గా నేరుగా బండికే. పటాన్ని గళ్లుగా విభజించి, మారిన గడినే పంపడాన్ని ఇంక్రిమెంటల్ అప్‌డేట్ అంటారు. ప్రొద్దుటూరు దసరా రద్దీకి పెట్టే తాత్కాలిక డైవర్షన్‌ను మూల పటంలో కలపరు. ట్రాఫిక్ పొరలో పెట్టి, పండగ కాగానే తీసేస్తారు.

ప్రిలిమ్స్ కోసం

సర్వే ఆఫ్ ఇండియా స్థాపన 1767. జియోస్పేషియల్ మార్గదర్శకాలు 2021 ఫిబ్రవరి 15న వచ్చాయి. వీటి ప్రకారం అడ్డంగా 1 మీటరు, నిలువున 3 మీటర్ల కన్నా సూక్ష్మమైన పటాల తయారీ, యాజమాన్యం భారతీయ సంస్థలకే. జాతీయ జియోస్పేషియల్ విధానం 2022 నాటిది. ఎవరైనా దిద్దగల ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైంది. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటిలో వేగ పరిమితి హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి. కెమెరాతో పాటు పటాన్నీ అది వాడుకోవచ్చు.

మెయిన్స్‌లో రాసేటప్పుడు

ఉపగ్రహాల జాబితాతో పేజీ నింపొద్దు. రోడ్డు మూసిన సంగతి మొదట తెలిసేది పటం తయారుచేసే కంపెనీకి కాదు. ఆర్‌అండ్‌బీ, పంచాయతీరాజ్, జలవనరుల శాఖల ఇంజినీర్లకు. మూసిన రోజే ఆ సమాచారాన్ని కంప్యూటర్ చదవగల రూపంలో బహిరంగంగా పెట్టాలన్న సూచన జవాబులో ఉండాలి.

నమూనా ప్రశ్న: ‘డిజిటల్ రహదారి పటాల్లో కొత్త దారులను చేర్చడం కంటే మూతపడిన దారులను తొలగించడం కష్టం.’ జలాశయ ముంపు ప్రాంతాల ఉదాహరణతో చర్చించండి.