ప్రొడక్షన్ మేనేజర్ ఏం చేస్తాడు?

సినిమాలో పేర్లు పడేటప్పుడు హీరో పేరుకు ఈలలు వేస్తాం. ఆ మధ్యలో ప్రొడక్షన్ మేనేజర్ అని ఒక పేరు వచ్చి పోతుంది, ఎవరం చదవం. గత వేసవి సెలవుల్లో హైదరాబాదులో ఒక టీవీ సీరియల్‌కు పన్నెండు రోజులు ప్రొడక్షన్ అసిస్టెంటుగా పనిచేసేదాకా నాకూ ఆ పని సంగతి తెలియదు. అక్కడ చూసిందీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ మన హాస్టల్ తమ్ముళ్ల కోసం రాస్తున్నాను.

డబ్బు పెట్టేది నిర్మాత. తీసేది దర్శకుడు. ఆ డబ్బులో, అనుకున్న రోజుల్లో పని జరిగేలా చూసేది మేనేజర్. స్క్రిప్టు చేతికి రాగానే దాన్ని సీన్లవారీగా విడగొడతాడు. ఏ సీను ఎక్కడ, పగలా రాత్రా, ఎవరెవరు కావాలి, ఏ సామాను కావాలి అన్నీ రాసుకుంటాడు. మొదటి సీను, నలభయ్యో సీను ఒకే ఇంట్లో జరిగితే రెండూ ఒకే రోజు తీసేస్తారు. హీరో కాల్షీటు ఐదు రోజులే దొరికితే ఆయన సీన్లన్నీ అందులోనే సర్దాలి. ఇదే షెడ్యూల్. బడ్జెట్ దీన్నిబట్టే తేలుతుంది. ఒక్క రోజు పెరిగితే కెమెరా అద్దె, లైట్లు, జనరేటరు, బండ్లు, భోజనాలు, బత్తాలు అన్నీ పెరుగుతాయి. మెస్ కమిటీలో పనిచేసి, నెలాఖరుకు బియ్యం చాలేలా చూసినవాడికి ఇది సగం తెలిసిన పనే!

అనుమతులు మరో పెద్ద పని. రైల్వే స్టేషనుకు రైల్వే శాఖను, గోల్కొండ కోటకు పురావస్తు శాఖను అడగాలి. 14 ఏళ్లలోపు పిల్లలు నటిస్తే 2017 నాటి నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

నాకు బాగా గుర్తున్నది జాతర సీను తీయవలసిన రోజు. ముప్ఫై మంది జూనియర్ ఆర్టిస్టులు పొద్దున్నే వచ్చి మేకప్ వేసుకున్నారు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. సీను తీయలేదు కాబట్టి సగం డబ్బే ఇమ్మని ఆఫీసు నుంచి ఫోను. మా మేనేజరు అరగంట వాదించాడు. వాన వాళ్ల తప్పా అన్నాడు. చివరికి అందరికీ పూర్తిగా ఇప్పించి వోచర్ల మీద సంతకాలు పెట్టించాడు. అందరు మేనేజర్లూ ఇలాగే ఉంటారని మాత్రం అనుకోవద్దు.

ఈ పనికి ఫలానా డిగ్రీ ఉండాలని లేదు. ఎక్కువమంది కృష్ణానగర్లో అసిస్టెంట్లుగా మొదలుపెట్టినవాళ్లే. బి.కాం. చదివినవాళ్లకు లెక్కల దగ్గర పని త్వరగా దొరుకుతుంది. పద్ధతిగా చదవాలంటే కలకత్తాలోని సత్యజిత్ రే ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్లో సినిమా, టీవీ నిర్మాణం మీదే ఒక పి.జి. కోర్సు ఉంది. 1995లో మొదలైన ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. డిగ్రీ తర్వాత ప్రవేశ పరీక్ష రాయాలి, రిజర్వేషన్లు ఉంటాయి. ఫీజు మనకు బరువే. స్కాలర్‌షిప్ సంగతి దరఖాస్తుకు ముందే కనుక్కోండి.

పని నిలకడగా ఉండదు. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు సమ్మె చేసినప్పుడు షూటింగులు ఆగిపోయాయి. అలాంటప్పుడు రోజు కూలీ మీద బతికేవాళ్లకు పూట గడవడమే కష్టం.

నాకు పన్నెండు రోజులకు గాను ఎనిమిది రోజుల డబ్బే ముట్టింది. ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చానో, ఎన్నింటికి వెళ్లానో నోటుబుక్కులో రాసి మేనేజరు సంతకం తీసుకున్నాను. ఆ పుస్తకం పట్టుకునే మిగతా నాలుగు రోజుల డబ్బు కోసం తిరుగుతున్నాను.